ఆకాశం అన్నం పెడుతుందా?

ఉగాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకులు ప్రతి ఏడూ అడగడం, నేను ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవడం మన అసోసియేషన్‌లో పాత ఆనవాయితీ. నాకు కవిత్వం రాదు. కథలు అల్లడం అసలే చేతకాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మైక్రోవేవ్ సిగ్నళ్ళతో కుస్తీ పట్టినవాణ్ణి. ఈసారి మాత్రం నేనే ఫోన్ చేసి రాస్తానన్నాను. దానికో కారణం ఉంది.

కిందటి దసరా పండగకి భోజనాల దగ్గర ఒక మిత్రుడు నన్ను పక్కకి పిలిచాడు. వాళ్ళబ్బాయి కాలేజీలో విశ్వశాస్త్రం చదువుతానని పట్టు పట్టాడట. ఈ విశ్వం మొత్తం మొదట్లో ఎలా ఉండేది, ఇలా ఎలా తయారయింది అన్న చదువు అది. "మీ అమ్మాయి అదే కదండీ చదివింది! అప్పుడు మీరేం చేశారు?" అని అడిగాడు.

"పెద్ద పొరపాటు చేశానండీ" అన్నాను.

ఆయన దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకుని, బరువుగా తల ఊపి వెళ్ళిపోయాడు. నేను సర్దిచెప్పేలోగా పులిహోర లైను ముందుకి కదిలింది. ఆ మాట సరిగ్గా చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంట్లో గొడవ

మా అమ్మాయి న్యూజెర్సీలోనే పుట్టి పెరిగింది. 2005లో ఫిజిక్సు డిగ్రీ పూర్తి చేసింది. న్యూయార్క్‌లో ఒక ఫైనాన్సు కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. మొదటి ఏడాది జీతమే నా జీతం కన్నా ఎక్కువ. అది వదులుకుని, ఆరేళ్ళు పిహెచ్.డి. చేస్తానంది మా అమ్మాయి.

అప్పటికి నా పరిస్థితి కూడా చెప్పాలి. 2001లో టెలికాం కంపెనీలన్నీ కుదేలైనప్పుడు నా ఉద్యోగమూ పోయింది. ఏడాదిన్నర తర్వాత తక్కువ జీతానికి ఇంకోటి దొరికింది. ఆ భయం ఇంకా పోలేదు. "ఆకాశం అన్నం పెడుతుందా తల్లీ?" అన్నాను.

"తాతయ్యకి పెట్టింది కదా నాన్నా" అంది.

మా నాన్నగారిది ప్రకాశం జిల్లాలో మెట్ట సేద్యం. వాన పడితే పంట, లేకపోతే లేదు. జీవితమంతా మబ్బులకేసి చూస్తూనే గడిపాడాయన. ఆ మాటకి నా దగ్గర జవాబు లేక, కోపం వచ్చింది. ఆమె వెళ్ళింది. నేను ఆపలేదు, ఆశీర్వదించనూ లేదు.

పీబుల్స్ గారి కథ

ఇక్కడ జిమ్ పీబుల్స్ అనే పెద్దాయన గురించి చెప్పాలి. నా పొరపాటు నాకు తెలిసొచ్చింది ఆయన పేరు విన్న రోజునే.

ఆయన 1935లో కెనడాలో, విన్నిపెగ్ ఊరి పక్కన సెయింట్ బోనిఫేస్‌లో పుట్టారు. తండ్రి విన్నిపెగ్ ధాన్యం ఎక్స్ఛేంజిలో ఉద్యోగి. అంటే అదీ పంటల మీద బతికిన ఇల్లే. మానిటోబా యూనివర్సిటీలో మొదట ఇంజనీరింగులో చేరి, తర్వాత ఫిజిక్సుకి మారారు. 1958లో ప్రిన్స్‌టన్ వచ్చారు. అక్కడ రాబర్ట్ డికీ అనే ప్రొఫెసర్ దగ్గర 1962లో డాక్టరేటు తీసుకున్నారు. ఆ తర్వాత ఉద్యోగ జీవితమంతా ప్రిన్స్‌టన్‌లోనే.

మైక్రోవేవ్ చదువుకున్నవాళ్ళకి డికీ పేరు చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాడార్ మీద పని చేస్తూ, అతి బలహీనమైన మైక్రోవేవ్ సంకేతాన్ని కొలిచే పరికరం కనిపెట్టాడాయన. దాన్ని ఇప్పటికీ డికీ రేడియోమీటర్ అనే అంటారు.

1964లో డికీకి ఒక ఆలోచన వచ్చింది. విశ్వం ఒకప్పుడు విపరీతమైన వేడిగా, చిక్కగా ఉండి ఉంటే, ఆ వేడి తాలూకు వెలుగు ఇప్పటికీ ఎక్కడో మిగిలి ఉండాలి. విశ్వం వ్యాకోచిస్తోంది కనక ఆ వెలుగు సాగి సాగి, చల్లబడి, మైక్రోవేవ్‌గా మారి ఉండాలి. పీటర్ రోల్, డేవిడ్ విల్కిన్సన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళని పరికరం కట్టమన్నాడు. పీబుల్స్‌ని, "నువ్వు దీని వెనక లెక్కలేమిటో ఆలోచించు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో పీబుల్స్ జీవితం దారి మళ్ళింది. అయినా అప్పుడాయన సంతోషంతో గంతులేయలేదు. ఆ రోజుల్లో విశ్వశాస్త్రం అంటే కొలతలు తక్కువ, ఊహలు ఎక్కువ. ఇంత తక్కువ ఆధారాలున్న రంగంలోకి దిగడానికి తనకే జంకుగా ఉండేదని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, అది నీళ్ళు పడతాయో పడవో తెలియని చోట బావి తవ్వడం.

పావురాలూ, ఫోన్ కాలూ

ఇదే సమయంలో ప్రిన్స్‌టన్‌కి ముప్ఫై మైళ్ళ పైచిలుకు దూరంలో, మన న్యూజెర్సీలోనే హోమ్‌డెల్ ఊళ్ళో క్రాఫర్డ్ హిల్ అనే కొండ మీద, బెల్ ల్యాబ్స్‌లో ఇద్దరు రేడియో శాస్త్రజ్ఞులు తలలు పట్టుకుని కూర్చున్నారు. ఒకరు ఆర్నో పెంజియాస్, రెండోవారు రాబర్ట్ విల్సన్. వాళ్ళ దగ్గర పెద్ద కొమ్ముబూరా ఆకారంలో ఇరవై అడుగుల నోరున్న ఏంటెనా ఉంది. ఎకో అనే తొలినాటి ఉపగ్రహం నుంచి సంకేతాలు పట్టడానికి కట్టింది. దాన్ని ఏ దిక్కుకి తిప్పినా ఒక సన్నటి రొద వినిపిస్తోంది. పగలూ రాత్రీ, వేసవీ చలికాలమూ తేడా లేదు.

ఇంజనీరుగా నాకు ఆ బాధ బాగా తెలుసు. నాయిస్ ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోలేకపోతే నిద్ర పట్టదు. వాళ్ళు న్యూయార్క్ నగరం వైపు తిప్పి చూశారు. అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించారు. ఏంటెనాలో ఒక పావురాల జంట కాపురం పెట్టి లోపలంతా రెట్టలు వేసింది. వాటిని పట్టి దూరంగా పంపేస్తే మళ్ళీ ఎగిరొచ్చాయి. అంతా కడిగి శుభ్రం చేశాక కూడా, ద్రవ హీలియంతో చల్లబరిచిన ప్రమాణంతో పోల్చి చూస్తే, ఉండవలసిన దానికన్నా సుమారు మూడున్నర డిగ్రీలు ఎక్కువ. సున్నా సెంటిగ్రేడు కాదు సుమా! ఇంక అంతకన్నా చల్లబడడానికి వీల్లేని సున్నా మీద మూడున్నర డిగ్రీలు.

1965 ఫిబ్రవరిలో పీబుల్స్ బాల్టిమోర్ వైపు వెళ్ళి జాన్స్ హాప్కిన్స్ వారి దగ్గర తన లెక్కల మీద ఉపన్యాసం ఇచ్చారు. అది విన్న కెన్ టర్నర్ అనే ఆయన బెర్నార్డ్ బర్క్ అనే మిత్రుడికి చెప్పాడు. బర్క్ ఏదో పని మీద పెంజియాస్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ ఆ సంగతి ఎత్తాడు. పెంజియాస్ ప్రిన్స్‌టన్‌కి ఫోన్ చేశాడు. మన వైపు పెళ్ళి సంబంధాలు కుదిరేది కూడా సరిగ్గా ఇలాగే. డికీ గదిలో అందరూ మధ్యాహ్నం భోజనం పొట్లాలు విప్పుకుని మాట్లాడుకుంటుండగా ఆ ఫోన్ మోగింది. పెట్టేసి, మనకన్నా ముందు వాళ్ళు పట్టేశారని డికీ కుర్రవాళ్ళతో చెప్పాడు.

1965లో రెండు జట్లూ ఒకే పత్రికలో పక్కపక్కనే వ్యాసాలు వేశాయి. హోమ్‌డెల్ వారు రొద ఉందన్నారు. అది దేని రొదో ప్రిన్స్‌టన్ వారు చెప్పారు. 1978లో నోబెల్ బహుమతి పెంజియాస్, విల్సన్‌లకి వచ్చింది. డికీకి రాలేదు. ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. ఇలాంటి వెలుగు మిగిలి ఉండాలని రాల్ఫ్ ఆల్ఫర్, రాబర్ట్ హెర్మన్ 1948లోనే లెక్క కట్టారు. ఆ సంగతి ప్రిన్స్‌టన్‌లో వాళ్ళకి అప్పుడు తట్టలేదు.

పొగమంచు విడిన పూట

ఆ వెలుగేమిటో, మా అమ్మాయి నాకు చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. సంక్రాంతి పొద్దున మన ఊళ్ళో పొగమంచు గుర్తుందా? పది గజాల అవతల తాటిచెట్టు కనిపించదు. వెలుతురు ఉంటుంది, కానీ తిన్నగా కంటిదాకా రాదు. పుట్టిన కొత్తలో విశ్వం అంతా అలాగే ఉండేది. ఆ వేడికి ఎలక్ట్రాన్లు విడివిడిగా తిరుగుతూ వెలుతురుని అటూ ఇటూ చెదరగొడుతూ ఉండేవి. సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ళకి వేడి 3,000 డిగ్రీలకి దిగింది. ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో జతకట్టి హైడ్రోజన్ అయ్యాయి. మంచు విడిపోయింది. ఆ క్షణాన బయల్దేరిన వెలుతురు 1,380 కోట్ల ఏళ్ళు నడిచి, 1,100 రెట్లు సాగి, మన దగ్గరికి మైక్రోవేవ్‌గా వస్తోంది. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్. పాత టీవీల్లో స్టేషన్ లేనప్పుడు చుక్కలు చుక్కలుగా కనిపించేది చూడండి, అందులో నూటికి ఒక వంతు దాకా ఇదే.

ఈ వెలుతురుని పట్టుకుని పీబుల్స్ విశ్వం చరిత్ర లెక్కగట్టడం మొదలుపెట్టారు. వంట అయిపోయాక గిన్నె అడుగున అంటుకున్నది చూసి ఎంత సెగ మీద వండారో ఇల్లాలు చెప్పేస్తుంది. అలాగే ఇప్పుడు మిగిలిన వేడిని బట్టి మొదటి కొన్ని నిమిషాల్లో ఎంత సెగ ఉండేదో చెప్పవచ్చు. ఆ సెగే లేకపోతే ఉన్న హైడ్రోజన్ అంతా అప్పుడే హీలియంగానూ ఇంకా బరువైన పదార్థంగానూ మారిపోయేదని ఆయన చూపించారు. హైడ్రోజన్ లేకపోతే నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే మనం లేం. 1966లో ఆయన వేసిన లెక్క ప్రకారం బరువులో సుమారు నాలుగో వంతు హీలియం కావాలి. ఆకాశంలో చూస్తే ఉన్నది దాదాపు అంతే.

1970లో, జెర్ యూ అనే సహచరుడితో కలిసి ఇంకో లెక్క వేశారు. ఆ పొగమంచు రోజుల్లో విశ్వంలో శబ్ద తరంగాలు ఉండేవని, వాటి ముద్ర ఆ వెలుతురు మీద ఉండాలని. మృదంగం మోత విని చర్మం ఎంత బిగువుగా ఉందో విద్వాంసుడు చెప్పినట్టు, ఆ ముద్రని చూసి విశ్వంలో ఏది ఎంత ఉందో చెప్పవచ్చు. కొలిచే పరికరాలు వచ్చి ఆ ముద్ర స్పష్టంగా కనిపించడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఆయన పాఠం చెబుతుంటే జాన్ వీలర్ అంతటి పెద్ద శాస్త్రజ్ఞుడు వెనక కూర్చుని నోట్సు రాసుకుని, ఆ కాగితాలు ఆయన చేతికే ఇచ్చారట, పుస్తకం రాయమని. సిగ్గుపడి రాసిన ఆ పుస్తకం, 'ఫిజికల్ కాస్మాలజీ', 1971లో వచ్చింది. 1993లో వచ్చిన ఆయన ఇంకో లావుపాటి పుస్తకం మా అమ్మాయి బల్ల మీద ఆరేళ్ళు ఉంది. నేను దాన్ని ఒక్కసారి తెరిచి, మూసేశాను.

యాభై నాలుగేళ్ళు

1970ల్లో, 1980ల్లో ఒక చిక్కు వచ్చిపడింది. ఆ వెలుతురు ఏ దిక్కున చూసినా మరీ నున్నగా ఉంది. ఎక్కడా ఎగుడుదిగుడు లేకపోతే గెలాక్సీలు ఎలా పుట్టాయి? పెరుగు తోడుకోవాలంటే చుక్క మజ్జిగైనా ఉండాలి కదా. వెలుతురుతో ఏ సంబంధమూ పెట్టుకోని కృష్ణ పదార్థం ఎక్కువ భాగం ఉందనుకుంటే లెక్క కుదురుతుందని పీబుల్స్ 1982లో రాశారు. ఐన్‌స్టైన్ 1917లో ప్రవేశపెట్టి తర్వాత వదిలేసిన ఒక స్థిరరాశిని మళ్ళీ తెచ్చుకోవలసి రావచ్చని 1984లో రాశారు. అప్పుడు చాలామందికి అది మింగుడు పడలేదు.

తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1989లో నాసా ఎగరేసిన కోబె ఉపగ్రహం, లక్షలో ఒక వంతు ఎగుడుదిగుళ్ళు ఉన్నాయని 1992లో చూపించింది. విశ్వం వ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో రెండు జట్లు కనిపెట్టాయి. 2001లో ఎగిరిన ఉపగ్రహానికి, 2002లో పోయిన విల్కిన్సన్ పేరు కలిపారు. అదే డబ్ల్యుమ్యాప్. 2009లో యూరప్ వాళ్ళ ప్లాంక్ వెళ్ళింది. అన్నీ కలిపి తేల్చిందేమిటంటే, మనకి తెలిసిన మామూలు పదార్థం నూటికి అయిదు పాళ్ళే. కృష్ణ పదార్థం ఇరవై ఏడు, మిగిలిన అరవై ఎనిమిదీ కృష్ణ శక్తి. ఆ రెండూ ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు.

2019 అక్టోబరు 8న ఫిజిక్సు నోబెల్‌లో సగం పీబుల్స్‌కి ప్రకటించారు. అప్పటికాయన వయసు 84. డికీ ఆ మాట అన్న నాటినుంచి లెక్కేస్తే యాభై అయిదేళ్ళు, ఆ ఫోన్ మోగిన నాటినుంచి యాభై నాలుగు. ఆ రోజు కుర్రవాళ్ళకి ఆయన చెప్పిన సలహా ఒక్కటే: బహుమతుల కోసం ఈ పనిలోకి రాకండి, ఇష్టం ఉంటేనే రండి.

నా పొరపాటు

ఆ రోజు తెల్లవారుజామున ఆరింటికి మా ఇంట్లో ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే మన అందరికీ గుండె దడే. బోస్టన్ నుంచి మా అమ్మాయి. "నాన్నా, పీబుల్స్ గారికి ఇచ్చారు" అంది. గొంతు వణుకుతోంది.

అప్పటికి ఆమె ఆ రంగం వదిలేసి రెండేళ్ళయింది. పిహెచ్.డి. 2011లో పూర్తయింది. తర్వాత రెండు చోట్ల పోస్ట్‌డాక్, మూడేసి సంవత్సరాలు. నలభై చోట్ల ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్జీ పెడితే ఒక్కటీ రాలేదు. 2017లో ఒక ఆస్పత్రిలో స్కాన్ బొమ్మల్లోంచి జబ్బు జాడ పట్టే పనిలో చేరింది. నేను అప్పుడు "చెప్పానా?" అనలేదు. కానీ మనసులో అనుకున్నాను, అది ఆమెకి తెలుసు కూడా.

ఆ ఉదయం మొదటిసారి అడిగాను: "అసలు ఆ ఆరేళ్ళూ నువ్వేం చేశావమ్మా?"

గంటన్నర చెప్పింది. చిలీ దేశంలో అటకామా ఎడారి, 17,000 అడుగుల ఎత్తున సెర్రో టోకో కొండ, అక్కడ టెలిస్కోపు. గాలిలో తేమ మైక్రోవేవ్‌లని మింగేస్తుంది కనక అంత ఎండు కొండ మీద పెట్టారు. ఆ ఎత్తున పని చేస్తుంటే ఊపిరి ఆడదు, ఆక్సిజన్ పెట్టుకోవాలి. డిటెక్టర్లని పరమశూన్యానికి ఒక డిగ్రీ లోపలే ఉంచాలి. వచ్చే సంకేతంలో ఆకాశానిది ఎంత, వాతావరణానిది ఎంత, పరికరం తాలూకు నాయిస్ ఎంత అని విడదీయడమే ఆమె పని.

నేను వింటూ ఉండిపోయాను. ఇరవై ఏళ్ళు నేను చేసిన పని అదే. సిగ్నల్‌లోంచి నాయిస్‌ని విడదీయడం. ఈ ప్రపంచంలో నేను ఒక్క విషయంలో మా అమ్మాయికి సాయంగా ఒక మాట చెప్పగలిగి ఉంటే, అది ఇదే. చిలీ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నేను అడిగినవి మూడే ప్రశ్నలు: తిన్నావా, చలిగా ఉందా, ఎప్పుడు పూర్తవుతుంది? అదండీ నా పొరపాటు.

మిత్రుడికి జవాబు

డబ్బు సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఈ దేశంలో సైన్సు పిహెచ్.డి.కి సాధారణంగా ఫీజు కట్టక్కర్లేదు, ఖర్చులకి కొంత స్టైపెండు ఇస్తారు. మనవాళ్ళు చాలామందికి ఇది తెలియదు. అయితే ఆ తర్వాత దారి సన్నం. పోస్ట్‌డాక్‌ల పేరుతో ఊళ్ళు మారాలి. పెళ్ళి, ఇల్లు అన్నీ వెనక్కి జరుగుతాయి. చివరికి ప్రొఫెసర్లయ్యేవాళ్ళు కొద్దిమందే. ఇది కుర్రవాడికి ముందే చెప్పాలి. కానీ క్షేమమైన దారి అని నేను ఎంచుకున్న టెలికాం నన్ను 2001లో రోడ్డున పడేసిందన్న సంగతి కూడా చెప్పాలి. పోతే, వదిలేశాక మా అమ్మాయికి ఉద్యోగం వెతుక్కోవడానికి రెండు నెలలు పట్టలేదు. రొదలోంచి సంకేతాన్ని పట్టేవాళ్ళు అందరికీ కావాలి.

ఇక "నష్టపోయిందా?" అని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ ఫోన్‌లో వణికిన గొంతులో బాధ ఉంది, సంతోషమూ ఉంది. రెండూ విన్నాను. తొంభైమంది పేర్లున్న పరిశోధన వ్యాసంలో ఆమె పేరు ఎక్కడో మధ్యలో ఉంది. మా ఆవిడ దాన్ని పూజ గదిలో పెట్టింది.

కిందటి వేసవిలో మా అమ్మాయి వచ్చినప్పుడు ఇద్దరం క్రాఫర్డ్ హిల్‌కి వెళ్ళాం. ఆ కొండ పక్కనే గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద పదిహేనేళ్ళు ఆఫీసుకి వెళ్ళొచ్చాను. ఒక్కసారి తల తిప్పి చూడలేదు. ఆ ఏంటెనాని 1989లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. అది ఇంకా అక్కడే, ఆకాశానికి చెవి ఒగ్గి నిలబడినట్టు ఉంది. మా అమ్మాయి దాని పక్కన నిలబడి అతుకులు చూపించింది. నేను రిసీవర్ గురించి అడిగాను. ఆమె చెప్పింది. నాకు తెలిసిన కిటుకు ఒకటి నేను చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంది.

కనక ఆ మిత్రుడికి నా జవాబు ఇది. మీ అబ్బాయి ఏం చదవాలో మీరూ వాడూ కూర్చుని తేల్చుకోండి. అది ఏదైనా సరే, వాడు ఏం చేస్తున్నాడో మాత్రం మొదటి రోజునుంచే అడుగుతూ ఉండండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.